కుక్క కాటుకు చట్టం దెబ్బ

"మా వాడు ఏం చేయడండీ" అనే ఒక్క మాట ఈ నగరాల్లో ఎన్ని పిక్కల్ని పీకిందో ఎవరూ లెక్క రాయలేదు. లిఫ్ట్ తలుపు తెరుచుకుంటుంది. లోపల నడుమెత్తు కుక్క. దాని వెనక, ఒక చేతికి గొలుసు చుట్టుకుని రెండో చేత్తో ఫోన్ చూసుకుంటున్న యజమాని. బయట రెండు చేతుల నిండా పాల ప్యాకెట్ల సంచులతో ఓ కుర్రాడు. వాడు అడుగు వెనక్కి వేస్తాడు. యజమాని నవ్వుతాడు. "భయపడకు బాబూ, భయపడితేనే దానికి కోపం." అంటే రేపు అది కరిస్తే తప్పెవరిదో ఇప్పుడే తీర్పు అయిపోయింది. భయపడిన కుర్రాడిది.

నాకు కుక్కల మీద పగ లేదు. కుక్కకు పళ్ళుంటాయి, పళ్ళున్నది కరవడానికి. అది తన స్వభావం తాను చూపించుకుంటుంది. ఆ పళ్ళను డబ్బు పెట్టి కొనుక్కొచ్చి, నలుగురు మసిలే మెట్ల మీద, లిఫ్టుల్లో, వీధుల్లో వదిలిన పెద్దమనిషితోనే నా పేచీ. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అన్నారు మనవాళ్ళు. ఆ చెప్పు ఎప్పుడూ కుక్క వీపు మీదే పడుతోంది. పెంచినవాడి గుమ్మం దాకా వెళ్ళిన పాపాన పోలేదు.

అసలు కాటు తినేదెవరో చూడండి. కుక్కలున్న ఇళ్ళ గుమ్మాలు రోజూ తొక్కేది అంట్లు తోమే ఆమె, పేపర్ వేసే కుర్రాడు, గ్యాస్ బండ మోసుకొచ్చే మనిషి, కరెంటు మీటరు చూసి బిల్లు కొట్టేవాడు, ఇస్త్రీ మూట, చెత్త బండి, ఫుడ్ డెలివరీ. ఇంటికి చుట్టాలొస్తే కుక్కను బెడ్‌రూమ్‌లో పెట్టి గడియ వేస్తారు. వియ్యాలవారొస్తే ఏకంగా పై అంతస్తులో కట్టేస్తారు. పనామె వచ్చినప్పుడు మాత్రం అది హాల్లో స్వేచ్ఛగా తిరుగుతూ ఉంటుంది. కట్టేయడం చేతకాక కాదని దీంతోనే తేలిపోయింది. ఎవరి కాలికి ఎంత విలువో ఆ ఇంట్లో ముందే నిర్ణయమై ఉంది. కోర్టులో నిర్లక్ష్యం అనేదాన్ని నిరూపించడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఏం కావాలో నాకు తెలీదు.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేను చూసిన పంచాయితీ ఒకటి చెప్తాను. జనరేటర్ పక్కన మెట్టు మీద ఓ పనామె కూర్చుని ఉంది. చీర కుచ్చెళ్ళు పిక్క దాకా ఎత్తి పట్టుకుంది. నాలుగు గాట్లు, అందులో రెండు లోతు. వాటి మీద వాచ్‌మన్ భార్య కాఫీ పొడి అద్దింది. నెత్తురూ కాఫీ పొడీ కలిసి నల్లగా పేరుకుని ఉన్నాయి. అసోసియేషన్ సెక్రటరీ వచ్చాడు. కుక్క ఇంటి ఇల్లాలు వచ్చింది. ఆవిడ చేతిలో మడిచిన ఐదు వందల నోటు. "మా బ్రూనోకి అన్ని ఇంజెక్షన్లూ వేయించామే, నీకేం భయం లేదు. ఓ టీటీ వేయించుకో. కావాలంటే రేపు రాకులే." సెలవు ఇవ్వడం అనే మహోపకారం కూడా అందులో కలిసింది. "సరే అమ్మా" అంది ఆమె. బ్రూనోకి టీకాలు వేయించిన కాగితం చూపించండి అని నేనడిగితే సెక్రటరీ నన్ను పక్కకు తీసుకెళ్ళి, "పోనీండి సార్, మన అపార్ట్‌మెంట్ పరువు" అన్నాడు. పిక్క ఆమెది, పరువు మాది.

ఆ ఐదు వందలు ఎంతవరకు వచ్చాయో చూడండి. హైదరాబాద్ నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ (ఐపీఎం)లోనో, దగ్గర్లోని సర్కారు ఆస్పత్రిలోనో టీకా ఉచితమే. చర్మంలోకి వేసే పద్ధతిలో కరిచిన రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు వెళ్ళాలి. కండలోకి వేసే పద్ధతిలో అయితే ఐదు విడతలు. గాయం లోతుగా ఉండి నెత్తురు వచ్చిందంటే టీకా ఒక్కటే చాలదు, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఎక్కించాలి. వెళ్ళిన ప్రతిసారీ క్యూ, ఓపీ చీటీ, సగం పూట. ఆమె నాలుగిళ్ళలో పని చేస్తుంది. కరిచింది ఒకింటి కుక్క. నాగాలకు జీతం కోసింది మిగతా మూడిళ్ళు. కుక్క ఇంటివాళ్ళు మాత్రం తాము ఉదారంగా ఐదు వందలిచ్చామని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక్కడ ఓ మాట పక్కకు వెళ్ళి చెప్పాలి. కాఫీ పొడి, పసుపు, కారం, సున్నం ఏవీ కుక్క కాటుకు మందు కాదు. వెంటనే సబ్బుతో, కొళాయి కింద పావుగంట సేపు కడగాలి. బొడ్డు చుట్టూ 14 సూదులనే భయంతో ఇంకా ఆస్పత్రికి పోనివాళ్ళున్నారు. గొర్రె మెదడుతో చేసిన ఆ పాత మందును దేశంలో ఆపేసి రెండు దశాబ్దాలు దాటింది. ఇప్పుడు సూది జబ్బకే. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడ్డాక మాత్రం మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి చూడాలంటారు డాక్టర్లు. పది రోజులూ ఆరోగ్యంగా ఉంటే అది కరిచేనాటికి దాని లాలాజలంలో రేబిస్ లేనట్టే. ఇది కరిపించుకున్న మనిషికి ప్రాణంతో సమానమైన సమాచారం. మన యజమానులేం చేస్తారు? సాయంత్రానికల్లా కుక్కను మొయినాబాద్ ఫామ్‌హౌస్‌కు పంపించేస్తారు. "ఊరికి పంపించాం" అంటారు. నాలుగు రోజులాగి అదే కుక్క అదే లిఫ్ట్‌లో దిగుతుంది. నేనైతే దీన్ని సాక్ష్యం మాయం చేయడం అంటాను. గొడవ సద్దుమణిగిందని వాళ్ళంటారు.

ఇప్పుడు చట్టం దగ్గరికి రండి. చట్టం లేదని ఎవరన్నారు? భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఉంది. మీ అధీనంలో ఉన్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి గానీ, తీవ్రమైన గాయానికి గానీ ప్రమాదం పొంచి ఉన్నప్పుడు, తెలిసో నిర్లక్ష్యం వల్లో తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంకోసారి చదవండి. కరవాలని అందులో ఎక్కడా లేదు. జాగ్రత్త తీసుకోకపోవడమే నేరం. పట్టీ లేకుండా, మూతికి చిక్కం లేకుండా జనం మీదికి ఉరికే కుక్కను వదిలిన క్షణంలోనే నేరం జరిగిపోయింది, పళ్ళు దిగేదాకా ఆగక్కర్లేదు. దిగితే 125వ సెక్షన్ తోడవుతుంది: ఇతరుల భద్రతకు ముప్పు తెచ్చే నిర్లక్ష్యంతో గాయపరిస్తే ఆరు నెలల దాకా, తీవ్ర గాయమైతే మూడేళ్ళ దాకా. మనిషి పోతే 106వ సెక్షన్, ఐదేళ్ళ దాకా.

2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఏం జరిగిందో హైదరాబాద్ మర్చిపోయి ఉంటుంది. పార్సిల్ ఇవ్వడానికి మూడో అంతస్తుకు వెళ్ళిన 23 ఏళ్ళ డెలివరీ కుర్రాడి మీదికి ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ దూకింది. భయంతో పరుగెత్తి పిట్టగోడ దాటి కిందపడ్డాడు. నిమ్స్ ఆస్పత్రిలో చనిపోయాడు. యజమాని మీద పోలీసులు కేసు పెట్టారు. అదే ఏడాది మేలో మణికొండలో ఇంకో డెలివరీ మనిషి, ఇంకో మూడో అంతస్తు, ఈసారి డాబర్‌మన్. అతను దూకాడు. అదృష్టం బాగుండి గాయాలతో బయటపడ్డాడు. నాలుగు నెలల తేడాతో ఒకే నగరంలో ఇద్దరు మనుషులు కుక్క నోటికంటే మూడంతస్తుల కింది నేల నయమనుకున్నారు. ఆ ఇళ్ళలో కుక్కను కట్టేసి తలుపు తీయడానికి ఎంత సమయం పట్టేది? కంపెనీల యాప్‌లో ఆ కుర్రాళ్ళను "పార్ట్‌నర్" అంటారట. ఏ వాటాలో పార్ట్‌నరో మూడో అంతస్తు నుంచి పడ్డాకే తెలుస్తుంది.

శిక్ష సంగతి చూద్దాం. ఇప్పటి 291కి తాత 1860 నాటి భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 289వ సెక్షన్. దాంట్లో జరిమానా వెయ్యి రూపాయల దాకా. 1860లో వెయ్యి రూపాయలంటే మామూలు సంసారి జన్మలో ఒక్కసారి చూడని మొత్తం. తెల్లదొర కూడా తన కుక్కను కట్టేసుకునేవాడు ఆ దెబ్బకు. అదే వెయ్యి 164 ఏళ్ళు అలాగే నిలబడింది. స్వాతంత్ర్యం వచ్చింది, రాకెట్లు పోయాయి, ఆ వెయ్యి మాత్రం కదల్లేదు. 2024 జూలై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చాక ఐదు వేలైంది. రాట్‌వైలర్ పిల్లను కొనడానికి అంతకు ఎన్నో రెట్లు పోసినవాడికి ఐదు వేలు ఒక లెక్కా? నెలకు దాని తిండికే అంతకు మించి అవుతుంది. గ్రూమింగ్ సెలూన్‌లో దాని గోళ్ళు తీయించడానికి అపాయింట్‌మెంట్ తీసుకునే మనిషి పనామె కాలికి వెల కట్టాల్సి వచ్చేసరికి చిల్లర వెతుక్కుంటాడు.

చట్టం కోరలు చిన్నవే. ఉన్న ఆ కోరలూ దిగవు, ఎందుకంటే దింపాల్సింది స్టేషన్. కుక్క కరిచిందని పోయి ఫిర్యాదు ఇచ్చి చూడండి. "దీనికి కేసేంటమ్మా, మున్సిపాలిటీకి చెప్పుకో" అంటారు. లేదంటే "పెద్దవాళ్ళతో ఎందుకు, మాట్లాడుకోండి" అంటారు. ఇంకా చదువుకున్న ఎస్సై అయితే "సివిల్ మ్యాటర్" అంటాడు. అబద్ధం. 291 కాగ్నిజబుల్ నేరం. అంటే కోర్టు అనుమతి కోసం ఎదురుచూడకుండా పోలీసులే కేసు కట్టి దర్యాప్తు చేయాల్సిన నేరం. ఇలాంటి ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే చెప్పింది. కట్టకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపొచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. అదంతా నాలుగిళ్ళ అంట్ల మధ్య చేసే పని కాదని స్టేషన్‌కు తెలుసు. కుక్క యజమానికీ తెలుసు.

ఉత్తరకాండలో ఒక కథ ఉంది. తల పగిలిన కుక్క ఒకటి రాముడి కొలువుకు వచ్చి, ఓ బ్రాహ్మణుడు నన్ను అకారణంగా కొట్టాడని ఫిర్యాదు చేస్తుంది. రాముడు కుక్క కదా అని తోసెయ్యలేదు. కొట్టినవాణ్ణి పిలిపించాడు, అడిగాడు, వాడు ఆకలితో ఉన్నాను, కోపమొచ్చింది అని ఒప్పుకున్నాడు. ఏం శిక్ష వేయాలో కుక్కనే అడిగి దాని మాట ప్రకారమే చేశాడు. జంతు ప్రేమికులు ఈ కథను ఇష్టంగా చెప్తారు, చెప్పాలి కూడా. నేను అడిగేదల్లా ఒకటే. త్రేతాయుగంలో మనిషి కొట్టిన కుక్కకు దొరికిన విచారణ, ఈ యుగంలో కుక్క కరిచిన మనిషికి దొరకదా? నిందితుణ్ణి పిలవడం, అడగడం, ఫిర్యాదుదారు మాట వినడం: అయోధ్యలో జరిగిన ఈ మూడు పనులు మన స్టేషన్లో చేయించుకోవాలంటే ఎమ్మెల్యే ఫోన్ కావాలి.

కేసు కట్టి కోర్టుకు ఎక్కినా ఎంత కాలమో ముంబై చెప్తుంది. 2010 మేలో అక్కడ ఒక రాట్‌వైలర్ ఒక పెద్దాయన్ని కాలిమీద, చేతిమీద కరిచింది. ఆయన వయసు అప్పుడు 72. యజమానికి మేజిస్ట్రేటు మూడు నెలల జైలు వేసింది 2023లో. పదమూడేళ్ళు. రాట్‌వైలర్ ఆయుష్షే మామూలుగా అంత ఉండదు. కరిచిన జంతువు కాలధర్మం చెందిన తర్వాత వచ్చే తీర్పును ఎవరికి చూపించాలి? అయినా ఆ తీర్పు విలువైనదే. దూకుడు కుక్కను పెంచుకునేవాడు ఇతరులకు హాని కలగకుండా చూసుకోవాలి, లేదంటే జైలుకు పోతాడు అని చెప్పడానికి ఒక కాగితం ఉంది.

శిక్షకన్నా నాకు పరిహారం ముఖ్యం. అసలు గొడవ ఇక్కడే. యజమాని జైలుకు పోతే పనామె జీతం కోత తిరిగి రాదు. నష్టపరిహారం కోసం సివిల్ కోర్టులో దావా వేయాలి. అక్కడ మనల్ని పట్టుకున్న దయ్యం ఇంగ్లండ్ పాత న్యాయసూత్రం. సింహాన్నో పులినో పెంచుకుంటే అది చేసిన హానికి యజమాని నేరుగా బాధ్యుడు. కుక్కలాంటి సాధు జంతువైతే, దానికి కరిచే గుణం ఉందని యజమానికి ముందే తెలుసని బాధితుడు చూపించాలి. అంటే మొదటి కాటు ఉచితం అన్నమాట. ఎవరి పిక్క ఆ మొదటి పిక్క అవుతుందో వాళ్ళ ఖర్మ. ఈ సూత్రాన్ని పుట్టించిన ఇంగ్లండే 1971లో జంతువుల చట్టం తెచ్చి ఆ పాత సూత్రం స్థానంలో రాతపూర్వక నియమాలు పెట్టింది. మనకు అలాంటి చట్టం ఇప్పటికీ లేదు. కాకపోతే నిర్లక్ష్యం అనే దారి తెరిచే ఉంది. గేటు వేయలేదు, పట్టీ లేదు, పదేళ్ళ పిల్లాడి చేతికి గొలుసిచ్చారు అని చూపించగలిగితే ముందు కరిచిందా లేదా అన్నది పెద్ద అడ్డు కాదు.

గేటుకు "కుక్క ఉన్నది జాగ్రత్త" అని బోర్డు తగిలించేవాళ్ళకు ఒక మాట. ఆ బోర్డు మిమ్మల్ని కాపాడుతుందని అనుకుంటున్నారు. రాత్రి గోడ దూకిన దొంగ విషయంలో కాపాడుతుందేమో. పోస్ట్‌మన్ విషయంలో, మీరే రమ్మన్న ప్లంబర్ విషయంలో అది మీ నేరాంగీకారం. కరిచే గుణం ఉందని మీకు ముందే తెలుసని మీ సొంత పెయింట్‌తో రాయించి గేటుకు తగిలించుకున్నారు. మంచి లాయరు మొదట ఫోటో తీయాల్సింది ఆ బోర్డునే. రెండోది అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు. "మా వాడికి యూనిఫామ్ వాళ్ళంటే పడదు" అని ఎప్పుడో నవ్వు బొమ్మ పెట్టి మీరు రాసిన మెసేజ్ అక్కడే ఉంటుంది.

మనవాళ్ళకు ఈ బాధ్యత తెలియదనుకుంటే పొరపాటు. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న తెలుగువాణ్ణి అడగండి. అక్కడి చట్టంలో వీధిలో గానీ, హక్కుగా అడుగుపెట్టిన ఇంట్లో గానీ మనిషిని కుక్క కరిస్తే దానికి ఇంతకుముందు చరిత్ర ఉందా, యజమానికి తెలుసా అన్న ప్రశ్నే లేదు. యజమాని కట్టాలి. కాలిఫోర్నియాలోనూ అంతే. అందుకే అక్కడ ఇంటి ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఏ జాతి కుక్క ఉందని ఏజెంటు ముందే అడుగుతాడు. టెక్సాస్‌లో మాత్రం పాత సూత్రమే ఇంకా నడుస్తోంది. డల్లాస్ తెలుగువాళ్ళకు ఆ తేడా తెలిసే ఉంటుంది. ఎడిసన్‌లో పట్టీ లేకుండా కుక్కను గడప దాటించని అదే మనిషి, సంక్రాంతికి కూకట్‌పల్లి వచ్చి అన్నగారి లాబ్రడార్‌ను సెల్లార్‌లో విప్పి వదులుతాడు. విమానం దిగగానే సంస్కారం మారదు. బాధ్యత వసూలు చేసేవాడు లేడని తెలిసి మనిషి మారతాడు.

ఇంకో చట్టం మన దగ్గరే ఉంది, దాన్ని చూసైనా నేర్చుకోవచ్చు. రోడ్డు మీదికి తెచ్చే స్కూటీకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. గుద్దితే బాధితుడికి ప్రత్యేక ట్రిబ్యునల్ ఉంది. గుద్ది పారిపోయిన బండి నంబరు తెలియకపోయినా చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి. స్కూటీకి సొంత బుద్ధి లేదు, మనం తిప్పితేనే తిరుగుతుంది. సొంత బుద్ధీ సొంత పళ్ళూ ఉన్న నలభై కిలోల జంతువుకు ఇన్సూరెన్స్ అక్కర్లేదట, ట్రిబ్యునల్ అక్కర్లేదట. కార్పొరేషన్లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని రూలుంది. మీ అపార్ట్‌మెంట్‌లో ఎన్ని కుక్కలకు ఉందో సెక్రటరీని అడిగి చూడండి, ఆయన ముఖమే చెప్తుంది. నోయిడాలో అధికారులు 2022లో ఒక నిర్ణయం చేశారు: పెంపుడు కుక్క ఎవరినైనా గాయపరిస్తే యజమాని 10 వేలు జరిమానా కట్టాలి, వైద్యం ఖర్చూ భరించాలి. పది వేలు చాలదు, కానీ వైద్యం ఖర్చు యజమానిదే అన్న ఆ ఒక్క వాక్యం మన కార్పొరేషన్లు రాసుకోవడానికి ఎవరి అనుమతి కావాలి?

నాకు వచ్చే సమాధానాలు ముందే తెలుసు. మొదటిది: "రెచ్చగొడితే కరవదా?" కరుస్తుంది. రాయి విసిరినవాడికీ, తోక తొక్కినవాడికీ పరిహారం తగ్గించండి. ఏ న్యాయవ్యవస్థ అయినా అది చేస్తుంది. కానీ బెల్లు కొట్టడం రెచ్చగొట్టడం కాదు. పరుగెత్తడం రెచ్చగొట్టడం కాదు. ఐదేళ్ళ పిల్ల కేరింతలు కొట్టడం రెచ్చగొట్టడం కాదు. రెండోది: "ప్రమాదకరమైన జాతుల్ని నిషేధిస్తే చాలదా?" చేసి చూశారు. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల మీద రాష్ట్రాలకు ఒక సర్క్యులర్ పంపింది. సరైన సంప్రదింపులు లేకుండా ఇచ్చారని ఏప్రిల్‌లోనే కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. కొట్టేయకపోయినా నాకు ఆ దారి మీద నమ్మకం లేదు. జాతి పేరు కాగితం మీద మార్చుకోవడం మన వాళ్ళకు నేర్పాలా? పామరేనియన్ కరిస్తే పిక్కకు నొప్పి తక్కువేం ఉండదు. జాతి ఏదైనా, కరిస్తే యజమాని కట్టాలి. అంత సులువైన సూత్రం దగ్గర పెట్టుకుని జాబితాలెందుకు?

మూడోది అందరికీ ఇష్టమైనది: "ముందు వీధి కుక్కల సంగతి చూడండి." చూడాల్సిందే. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి వీధి కుక్కలు చంపేసిన దృశ్యం చూసినవాళ్ళెవరూ దాన్ని తేలిగ్గా తీసుకోలేరు. 2024లో దేశంలో నమోదైన కుక్క కాట్లు 37 లక్షల పైచిలుకు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ వీధి కుక్కల మీద 11న ఒక ఉత్తర్వు ఇచ్చి, 22న ఇంకో ధర్మాసనం దాన్ని సవరిస్తే దేశమంతా రెండు పార్టీలై కొట్టుకుంది. వీధి జంతువుల విషయంలోనూ బాధ్యత ఎవరిదో తేల్చొచ్చని పంజాబ్, హర్యానా హైకోర్టు 2023 నవంబర్లో చూపించింది: కుక్క కరిస్తే ఒక్కో పంటి గాటుకు కనీసం 10 వేలు, కండ ఊడితే ప్రతి 0.2 సెంటీమీటర్ల గాయానికి కనీసం 20 వేలు, బాధ్యత ప్రధానంగా ప్రభుత్వానిది. గాటుకు ఇంత అని కోర్టు కొలబద్ద పట్టుకుని కూర్చోవాల్సి రావడం మన పాలకులకు సిగ్గుచేటు. తెలుగు రాష్ట్రాల్లో ఆ కొలబద్ద కూడా లేదు. కానీ గమనించండి, వీధి కుక్క గొడవ ఎంత పెద్దదైతే పెంపుడు కుక్క యజమానికి అంత నీడ. "మున్సిపాలిటీ ఏం చేస్తోంది" అని టీవీ చర్చలో గొంతు చించుకునే పెద్దమనిషి ఇంట్లోనే డాబర్‌మన్ ఉంటుంది. వీధి కుక్కకు యజమాని ఎవరో వెతకాలి. దీనికి వెతకక్కర్లేదు, ఫ్లాట్ నంబరుతో సహా ఉంది. సులువుగా తేలే కేసునే తేల్చలేనివాళ్ళు కష్టమైనది తేలుస్తారా?

కాబట్టి శాసనసభలను నేను అడిగేది గుప్పెడంత. పెంపుడు కుక్క మనిషిని గాయపరిస్తే, యజమాని తప్పు నిరూపించాల్సిన పని లేకుండానే వైద్యం, పోయిన కూలి, ఆపై నొప్పికి పరిహారం అతనే కట్టాలని ఒక చట్టం. రిజిస్ట్రేషన్‌తో పాటు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్. కరిచిన కుక్కను పది రోజులు దాచకుండా చూపించకపోతే విడిగా శిక్ష. రెండు తెలుగు రాష్ట్రాల్లో పశుసంవర్ధక శాఖలున్నాయి, మున్సిపల్ శాఖలున్నాయి, న్యాయశాఖలున్నాయి. మూడు శాఖలవాళ్ళూ ఒక బల్ల చుట్టూ కూర్చుంటే రాయడం పెద్ద పనేం కాదు. కూర్చోరు, ఎందుకంటే ఆ బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళ ఇళ్ళలో కుక్కలున్నాయి, వాళ్ళెవరి పిక్కల మీదా గాట్లు లేవు.

ఆ చట్టం వచ్చేదాకా ఉన్నదాన్నే వాడుకోవాలి. ఇది చదివేవాళ్ళలో కరిపించుకున్నవాళ్ళకంటే కుక్కలున్నవాళ్ళే ఎక్కువని నాకు తెలుసు. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను. మీ ఇంట్లో పనిచేసేవాళ్ళకు, మీ వాచ్‌మన్‌కు, మీ గుమ్మంలోకి వచ్చే కుర్రాళ్ళకు ఈ నాలుగు మాటలు చదివి వినిపించండి. కుక్క కరిస్తే ఓపీ చీటీ, టీకా కార్డు, గాయం ఫోటో పారేయొద్దు. లిఫ్ట్, సెల్లార్ సీసీ కెమెరా రికార్డింగు కొన్నాళ్ళకే చెరిగిపోతుంది కాబట్టి అదే రోజు రాతపూర్వకంగా అడగాలి. యజమాని వాట్సాప్‌లో "సారీ, అనుకోకుండా జరిగింది" అని పంపితే దాన్ని భద్రంగా దాచుకోవాలి. ఖాళీ కాగితం మీద సంతకమో వేలిముద్రో పెట్టొద్దు. 291 కింద ఫిర్యాదు ఏడాది లోపు నమోదు కావాలి, ఆలస్యమైతే చెల్లకపోవచ్చు. పరిహారం దావాకు మూడేళ్ళు గడువు. కరిచింది మైనర్ని అయితే మేజరయ్యాక కూడా వేసుకోవచ్చు. మనిషి చనిపోతే కుటుంబం 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద రెండేళ్ళ లోపు వేయాలి. క్రిమినల్ కేసులో నేరం రుజువైతే మేజిస్ట్రేటే పరిహారం ఇప్పించొచ్చు, ఆ మాట అక్కడ గట్టిగా అడగాలి. లాయరుకు డబ్బు లేదంటారా? ఆడవాళ్ళకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వమే లాయర్ని పెట్టాలి, కోర్టు ఫీజూ భరించాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఫోన్ చేయాల్సిన నంబరు 15100.